ఒక బెల్లు అంటే ఆపు

నా ఒంట్లో ఏదో తేడా ఉందని మొదట తెలిసిన రోజు నేను నీళ్ల సీసా నాలుగోసారి నింపుకున్నాను. మొదటి షిఫ్టు. ఇంకా పదిన్నర కూడా కాలేదు. అప్పుడు నాది గనిలో వైండింగ్ ఇంజన్ ఆపరేటర్ పని. గని బావి, అంటే షాఫ్టులో మనుషులెక్కిన కేజ్‌ను కిందికి దించేదీ, పైకి లాగేదీ నేనే. వాళ్లు కేజ్‌లో ఉన్నంతసేపూ నేను సీటు వదలకూడదు. ఆ రోజు కేజ్ ఖాళీ అయిందో లేదో చూసుకుని, ఉరికినట్టు నాలుగుసార్లు బాత్రూముకు పోయాను. షాఫ్టు పైన నిలబడి నాకు బెల్లు కొట్టే రాజన్న పాత దోస్తు. "షాఫ్టుల ఊరే నీళ్లన్ని నువ్వే తాగుతున్నవా ఏంది" అని ఆటపట్టించాడు. ఎండాకాలం కదా అని నేనూ నవ్వేశాను.

మా పనిలో మాటలుండవు, బెల్లులే. ఒక బెల్లు అంటే ఆపు. రెండంటే దించు. మూడంటే మనుషులు ఎక్కుతున్నారు. ఒక బెల్లు వస్తే ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని ఆలోచించడానికి లేదు. పొరపాటున కొట్టినా సరే, ముందు ఆపాలి, ఆపాక ఫోన్ చేసి అడగాలి. పద్దెనిమిదేళ్లు ఈ రూలు తప్పలేదని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత అవసరం పడుతుంది.

నెల తిరిగేసరికి ప్యాంటు నడుము మీద నిలవలేదు. నా భార్య సువర్ణ బెల్టుకు మేకుతో రెండు కొత్త రంధ్రాలు పొడిచింది. మూడోది పొడవాల్సి వచ్చినప్పుడు నన్ను దవాఖానకు లాక్కుపోయింది. షుగర్ చాలా ఎక్కువ ఉందన్నారు. నలభై దగ్గర పడ్డ మనిషికి షుగర్ వస్తే ఎవరైనా ముందు టాబ్లెట్లే రాస్తారు, నాకూ రాశారు. అన్నం తగ్గించాను, పొద్దున్నే నడిచాను. షుగర్ మాత్రం దిగలేదు. ఒక రోజు వాంతులు మొదలై, ఊపిరి బరువై, ఐసీయూలో పడ్డాను. అక్కడి నుంచి హైదరాబాదుకు రెఫర్ చేశారు.

హైదరాబాదు డాక్టరమ్మ రిపోర్టులు తిప్పి చూసి, "సి-పెప్టైడ్ చాలా తక్కువ ఉంది, యాంటీబాడీస్ పాజిటివ్. మీది టైప్ వన్. పెద్దవాళ్లలో కూడా వస్తుంది. ఇన్సులిన్ తప్ప వేరే దారి లేదు" అన్నారు. ఎన్ని రోజులని అడిగాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, "రోజులు కాదండీ, జీవితాంతం" అన్నారు. నాకు ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. ఆ అలసట ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇన్సులిన్‌తో షుగర్ దిగింది. కానీ కొన్నిసార్లు దిగాల్సిన దానికంటే ఎక్కువ దిగేది. దాన్ని హైపో అంటారు. మొదట్లో చేతులు వణికేవి, చెమట పట్టేది, ఆకలితో కడుపు నకనకలాడేది. నాలుగు చెంచాల గ్లూకోజ్ కలుపుకుని తాగితే పావుగంటలో మనిషినయ్యేవాణ్ని. కొన్నేళ్లకు వణుకు పోయింది, చెమటా పోయింది. మంచిదే అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపారు. "దీన్ని హైపో అన్‌అవేర్‌నెస్ అంటాం. షుగర్ పడిపోతూనే ఉంది, బాడీ ఇచ్చే వార్నింగ్ మీకు అందట్లేదు." తర్వాత సువర్ణ వైపు తిరిగి, "హైపోలో ఉన్న పేషెంట్ ముందు చేసే పని వాదించడం. నాకేం కాలేదు అంటారు. మీరు వినకండి" అని చెప్పారు. సువర్ణ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఇంజన్ దగ్గర ఆపమనే బెల్లు రెండోసారి కొట్టాక గానీ నాకు వినపడలేదు. కేజ్ ఖాళీగా ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. రాజన్న ఫోన్ చేసి, "ఏమైందే, ఒంట్ల బాగలేదా" అని మెల్లగా అడిగాడు. మీటరుతో చూసుకుంటే షుగర్ యాభై రెండు. నేనే పోయి మేనేజరుకు చెప్పాను. నన్ను వైండింగ్ మీద నుంచి తీసి ల్యాంప్ రూముకు వేశారు, గనిలోకి దిగేవాళ్లకు తలకు కట్టుకునే లైట్లు ఇచ్చే చోటికి. పని తేలిక. కానీ నా సీట్లో ఇంకొకరు కూర్చుంటే చూడలేక చాలా రోజులు ఇంజన్ హౌస్ ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి పోయేవాణ్ని.

ఇంట్లో మాత్రం డ్యూటీ సువర్ణదే. నేను మాట తడబడినా, కూరలో ఉప్పు లేదని అరిచినా, ఊరికే గోడ వైపు చూసినా వచ్చి మెడ మీద చెయ్యి వేసి చూసేది. నిద్రలో కూడా ఆమె చెయ్యి నా భుజం మీదే. చేతికి షుగర్ చూపించే సెన్సార్ పెట్టుకున్నాను. అది మంచిదే, కానీ మా ఎండకూ నా చెమటకూ రాలిపోయేది, అంటించిన చోట చర్మం ఎర్రగా పొక్కేది. కొన్ని రోజులు ఉండేది, కొన్ని రోజులు ఉండేది కాదు. లేని రోజుల్లో మళ్లీ సువర్ణే.

అప్పుడు సోమి వచ్చింది. ల్యాంప్ రూము వెనక ఈనిన ఊరకుక్క పిల్లల్లో ఒకటి. సోమవారం పుట్టిందని ఆ పేరు. నా టిఫిన్ డబ్బా చుట్టూ తిరిగేది. రెండుసార్లు ఊరికే వచ్చి నా చెయ్యి నాకి, కదలకుండా నా ముఖంలోకే చూసింది. రెండుసార్లూ షుగర్ పడిపోయి ఉంది. మూడోసారి నేనే లేచి మీటరు వెతుక్కున్నాను. ఆ సాయంత్రమే దాన్ని క్వార్టరుకు తెచ్చాను.

బెల్లంపల్లిలో మల్లేశం కాక ఉంటాడు. సైన్యంలో కుక్కలతో పనిచేసి రిటైరైనవాడు. ఆయన సోమిని వాసన పట్టడానికి తయారుచేస్తానన్నాడు. నా షుగర్ పడిపోయినప్పుడల్లా నోట్లో దూది తడిపి, డబ్బాలో పెట్టి, ఫ్రీజర్‌లో దాచాలి. మా అక్క ఇంటికి వచ్చి కోవా అనుకుని ఒక డబ్బా తెరిచింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఫ్రిజ్ నీళ్లు కూడా తాగదు. ఎనిమిది నెలలు తిరిగాం. షుగర్ దిగితే నా మోకాలి మీద కాలు వేసి తీయకుండా ఉండటం నేర్పించాడు కాక. ఒక కాలు, ఒక బెల్లు, నాకు వేరే పాఠం అక్కర్లేదు. డాక్టరమ్మ మాత్రం, "కుక్క చెప్పినా మీటరుతో చూడాల్సిందే. కుక్క చెప్పకపోయినా చూడాల్సిందే" అన్నారు.

కాక ఒక మాట గట్టిగా చెప్పాడు. "దానికి గూడ రెస్టు ఇయ్యాలె బిడ్డా. వారం పొడుగూత డ్యూటీ చేపిస్తె ముక్కు మొద్దుబారుతది." సరేనన్నాను. మా గనుల్లో ఆదివారం పనికి పోతే దాన్ని ప్లేడే అంటాం. పేరు ఆటది, చేసేది పని. సోమికి అన్ని ఆదివారాలూ ప్లేడేలే అయ్యాయి.

మా అమ్మాయి నవ్య నా పాత రిఫ్లెక్టర్ జాకెట్‌ను కత్తిరించి సోమికి కోటు కుట్టింది. వీపు మీద "డ్యూటీలో ఉంది, ముట్టుకోకండి" అని రాసింది. మా ఊరు ఖనిలో ఎవరికీ ఇబ్బంది లేదు. చాయ్ హోటల్లో కూడా బల్ల కింద దానికో చోటుండేది. ఇబ్బందంతా హైదరాబాదు చెకప్‌లకు పోయినప్పుడే. మొదటిసారి దవాఖాన పక్క లాడ్జి వాళ్లు కుక్కను సెల్లార్‌లో వాచ్‌మన్ దగ్గర కట్టేయమన్నారు. కట్టేశాం. ఆ రెండు రోజులూ సువర్ణ మళ్లీ పాత డ్యూటీ ఎక్కింది, తిరిగొచ్చాక జ్వరంతో పడుకుంది.

పోయిన ఎండాకాలం ఫోన్ చేసి, కుక్కల్ని రానిస్తామన్న హోటలే చూసుకున్నాం. నవ్య పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. చెకప్ అయ్యాక ఆదివారం థీమ్ పార్కుకు తీసుకుపోతానని మాటిచ్చాను. హోటల్ కౌంటర్ దగ్గర ఒకాయన సోమిని పైనుంచి కింది దాకా చూసి, చిన్న పెట్స్‌నే రానిస్తామని, ఇదేం బ్రీడని అడిగాడు. నవ్య ఆలోచించకుండా "ల్యాంప్ రూమ్" అంది. ఆయన రాసుకోబోయి ఆగాడు. పెట్ కాదని, నా జబ్బు సంగతి చెప్పాను. కాగితం ఏమైనా ఉందా అన్నాడు. నా దగ్గర ఉన్నదల్లా దవాఖాన రెఫరల్ లెటర్. అందులో ఎప్పుడూ రాసినట్టే 'పేషెంట్ విత్ వన్ అటెండెంట్' అని ఉంది. నేను ఆ లైను మీద వేలు పెట్టి, "ఇదే అటెండెంట్" అన్నాను.

పక్కన సంచులు మోస్తూ నిలబడ్డ సువర్ణ, "అది అటెండెంట్ అయితె నేనెవలు" అంది.

కౌంటర్ ఆయన నవ్వాడు, నవ్య నవ్వింది, నేనూ నవ్వాను. సువర్ణ నవ్వలేదు. చివరికి గది ఇచ్చారు, లిఫ్టులో వద్దు, మెట్లెక్కించమన్నారు. నాలుగో అంతస్తు. సంచులు ఎవరు మోశారో నాకు ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఆదివారం పొద్దున ఇన్సులిన్ పూర్తి డోసు వేసుకుని కిందికి దిగాను. టిఫిన్ హాల్లోకి కుక్క రాకూడదన్నారు. బయట నిలబడే తిందామని ప్లేటు తెచ్చుకున్నాను. ఒక ఇడ్లీ తినేలోపు ఆటో వచ్చింది. మిగతాది పార్కులో తినొచ్చులే అన్నాను. ఇన్నేళ్ల పేషెంటును. ఇది చేయకూడదని నాకు తెలుసు. సోమి కూడా ఆ మూడు రోజులు మెట్లెక్కీ దిగీ, దవాఖాన వరండాల్లో కూర్చునీ వాడిపోయి ఉంది.

పార్కుకు కూడా ముందే ఫోన్ చేశాను. రండి సార్, చూద్దాం అని ఎవరో అన్నారు. ఎవరన్నారో పేరు అడగలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. అతను ఇంకొకరిని పిలిచాడు, వాళ్లు ఇంకొకరిని. అందరికీ మొదటి నుంచి చెప్పాలి. షుగర్ అంటే మా నాయనకూ ఉంది సార్, కుక్కెందుకు అన్నాడొకడు. లోపల పెద్ద ఊయల ఓడ పైకి లేచినప్పుడల్లా పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. నవ్య చెప్పులతో నేల గీస్తూ నిలబడింది. నాకు బిడ్డ ముఖం చూడబుద్ధి కాలేదు.

ఇద్దరినీ లోపలికి పొమ్మన్నాను. "మీరు నడువుండ్రి, నేను మాట్లాడి వస్త. ఇయ్యాల నీకు రెస్టు" అని సువర్ణతో అన్నాను, పెద్ద సెలవు మంజూరు చేసినట్టు. ఆమె కదల్లేదు. షుగర్ చూసుకున్నావా అని నా మెడ మీద చెయ్యి వేసింది. పదిమంది చూస్తున్నారు. నేను ఆ చెయ్యి తోసేశాను. "ఏం గాలే, నువ్వు పో" అన్నాను. ఆమె పోయింది.

చివరికి మేనేజర్ వచ్చింది. చిన్న వయసు అమ్మాయి, చేతిలో వాకీటాకీ. మర్యాదగానే మాట్లాడింది. తనకు రానివ్వాలనే ఉందని, కానీ ఇలాంటి కుక్కల గురించి తమ దగ్గర ఏ రూలూ రాసి లేదని, మిగతా గెస్టులు భయపడితే తనే జవాబు చెప్పుకోవాలని అంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. నేను రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని మళ్లీ మొదలుపెట్టాను. నాకు వార్నింగ్ తెలియదు మేడం, దీనికి తెలుస్తుంది, షుగర్ పడిపోతే నా మోకాలి మీద కాలు వేస్తుంది, అదే సిగ్నల్. నేను చెబుతుండగా సోమి నా మోకాలి మీద కాలు వేసింది. నేను ఆ కాలు తీసి కింద పెట్టి చెప్పడం కొనసాగించాను.

మళ్లీ వేసింది. మళ్లీ తీశాను.

మేనేజర్ అమ్మాయి నా ముఖం వైపూ కుక్క వైపూ చూసి, "సార్, ఇప్పుడు వేస్తోంది కదా" అంది.

"ఎండకు మేడం. నేల కాలుతోంది" అన్నాను. ఆ జవాబు నాకు ఎంత బాగా గుర్తుందో. ఎంత తెలివిగా అనిపించిందో. సోమి రెండు కాళ్లూ నా ఛాతీ మీద వేసి మొరిగింది. డ్యూటీలో అది ఎప్పుడూ మొరగలేదు. సెక్యూరిటీ కర్రతో దగ్గరికి వచ్చాడు. ఇందుకే సార్ వద్దనేది అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సోమి మెడపట్టీ పట్టి గట్టిగా లాగాను, అది కుయ్యిమంది. దాన్ని నేను ఎప్పుడూ అలా లాగలేదు. లోపల ఆ ఓడ పైకి లేచి, అక్కడే ఆగిపోయినట్టు కనిపించింది. తర్వాత ఏమీ తెలియదు.

కళ్లు తెరిచేసరికి పార్కు ఫస్ట్ ఎయిడ్ గదిలో ఉన్నాను. నోరంతా గ్లూకోజ్ తీపి. అక్కడి నర్సు, మొదట చూసినప్పుడు షుగర్ నలభై ఒకటి ఉందని, ఇప్పుడు తొంభైకి వచ్చిందని చెప్పింది. సువర్ణ నేను పొమ్మన్న చోటికి పోనేలేదట. నవ్యను లైన్లో నిలబెట్టి, గేటు లోపల నేను కనపడేలా ఒక బెంచీ మీద కూర్చుందట. మేనేజర్ అమ్మాయి వాకీటాకీలో పిలిచేలోపే గ్లూకోజ్ డబ్బాతో ఉరికొచ్చిందట. నాకు ఇంకా మింగే తెలివి ఉండబట్టి సరిపోయిందని నర్సు అంది. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదని కూడా చెప్పింది, అది మీరూ గుర్తుంచుకోండి. సోమి మంచం కింద చల్లటి నేల మీద పడుకుని ఉంది. దాన్ని లోపలికి ఎవరు రానిచ్చారో, ఏ రూలు ప్రకారమో ఎవరూ మాట్లాడలేదు.

సువర్ణ తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. నా చెప్పులు సరిగా జతచేసి పెట్టి, నా కాళ్ల దగ్గర కూర్చుంది.

"దాని కాలు నూకినవట గదా. ఆ మేనేజర్ పిల్ల చెప్పింది" అంది.

నేను గోడ వైపు తిరగబోయాను.

"నా చెయ్యి గూడ గట్లనే నూకుతవు. ఎన్నేండ్ల సంది నూకుతున్నవో ఎర్కనా. అది కుక్క గాబట్టి మళ్ల మళ్ల పెట్టింది. నాకు యాష్టకొచ్చింది."

అంతే. గొంతు కూడా పెంచలేదు. మంచం మీద ఉన్నవాణ్ని, ఎటు తిరిగినా ఆమె ముఖమే కనిపించింది. ఒక బెల్లుకు ఆపనివాణ్ని ఇంజన్ మీద ఒక్క రోజు ఉంచరు. ఈ మనిషి నన్ను ఇన్నేళ్లు ఎట్లా ఉంచిందో నాకు అర్థం కాలేదు. నాకు రావాల్సిన ఏడుపు ఆ రోజు వచ్చింది.

నవ్య ఒక్క ఆట కూడా ఆడకుండా వచ్చేసింది. మళ్లీ ఎప్పుడూ పార్కు మాట ఎత్తలేదు. మేనేజర్ అమ్మాయి పైవాళ్లకు రాస్తానంది, రాసిందో లేదో నాకు తెలియదు. రెండు నెలలు సోమి నా దగ్గరికి వచ్చి కాలు లేపి, వేయకుండానే దింపేసేది. మల్లేశం కాకకు జరిగిందంతా చెప్పాను. ఆయన మళ్లీ మొదటి దూది డబ్బా నుంచి మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆదివారం సోమి కోటు తీసేస్తాం. ఆ రోజు అది మామూలు కుక్క, వీధిలో పడి తిరుగుతుంది. ఆదివారం సువర్ణకూ డ్యూటీ లేదు. కమాన్‌పూర్‌లో వాళ్ల అక్క ఇంటికి పోతుంది, నాకు ఫోన్ కూడా చేయదు. వేరే రకం సెన్సార్ పెట్టుకున్నాను, దాంతో పాటు రెండు గంటలకోసారి నా వేలు నేనే పొడుచుకుంటాను, పక్కింటి వాళ్ల దగ్గర గ్లూకోజ్ పెట్టాను. జబ్బు తగ్గలేదు, తగ్గదు. ల్యాంప్ రూములో లైట్లు ఇస్తున్నాను, తీసుకుంటున్నాను. అలసిపోతూనే ఉన్నాను.

ఇలాంటి కుక్కతో ప్రయాణం చేసేవాళ్లు హోటలైనా పార్కైనా ముందే మెయిల్ పెట్టి, జవాబు ఇచ్చినవాళ్ల పేరుతో ఆ కాగితం చేతిలో ఉంచుకోండి. కుక్క ఏం చేస్తుందో మీ డాక్టర్ లెటర్ మీద రాయించుకోండి. ఎవరితోనైనా వాదన మొదలుపెట్టే ముందు తినండి. కానీ నేను చెప్పదలుచుకున్నది వీటన్నిటికంటే చిన్నది. మీ పక్కన ఉన్న ప్రాణం, కుక్కైనా మనిషైనా, మీ మీద చెయ్యి వేస్తే జవాబు చెప్పకండి. వేలు పొడవండి.

మొన్న కరెంటు బిల్లు గురించి నేను గట్టిగా మాట్లాడుతుంటే సువర్ణ వచ్చి నా మెడ మీద చెయ్యి వేసింది. సగం మాట దగ్గర ఆపేసి మీటరు తీశాను. నూట ఇరవై. నాకు ఏమీ కాలేదు, నాకు వచ్చింది ఉత్త కోపమే. చూశావా అనొచ్చు. మీటరు ఆమెకు చూపించి, పక్కన పెట్టి, "మంచి పని చేసినవ్" అన్నాను. ఆమె చెయ్యి ఇంకా నా మెడ మీదే ఉంది.